కానుక సంచిలో ఎనిమిది చీట్లు

ఆ రోజు ఆ ఎనిమిది చీట్లూ రాసింది నేనే. నాలుగింటి మీద ఒక మాట, నాలుగింటి మీద ఇంకో మాట రాయవలసినవాణ్ణి, ఎనిమిదింటి మీదా ఒకే మాట రాశాను. ఆ తప్పు బయటపడకుండా మా అక్క మొగుణ్ణి గుడి వాకిట్లో, అందరి ఎదుటా, గాలి కొట్టే ఇనప పంపుతో కొట్టాను. అరవై ఏళ్ళు దాటిన సంగతి ఇది. దీన్ని ఇప్పుడు కాగితం మీద పెట్టడానికి కారణం మొన్న ఆదివారం మా కోడలూ ఆమె స్నేహితురాళ్ళూ మా హాల్లో కూర్చుని చేసుకున్న ఆలోచన. పదిమంది కలిసి శ్రీలంక వెళతారట. అక్కడ వ్యాను మాట్లాడుకోవాలా, రైళ్ళలోనే తిరగాలా అని గంటసేపు నవ్వుతూ, ఒకరి మీద ఒకరు దిండ్లు విసురుకుంటూ వాదించుకున్నారు. ఎంతకీ తేలక, చివరికి ఒకామె చీట్లు వేద్దాం అంది. నేను చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసి పెరట్లోకి వెళ్ళిపోయాను. తమ గోల నాకు విసుగు తెప్పించిందనుకుని కోడలు నొచ్చుకుంది. గోల కాదమ్మా అన్నాను గానీ, మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. ఆ మిగతాదే ఇది.

మాది అల్లూరు. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. బజారు చివర చిన్న సైకిళ్ళ షాపు ఉండేది నాకు. పంక్చర్లు వేయడం, చక్రాలు సరిచేయడం, గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకివ్వడం నా పని. ఆ రోజుల్లో సైకిలున్నవాడి దర్జాయే వేరని నా ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది ఇంకొకటి ఉంది. మా ఇళ్ళలో, మా పేటలో, మాట కన్నా చెయ్యి ముందు లేచేది. మా నాయన నన్ను ఎద్దుల చెర్నాకోలతో కొట్టి పెంచాడు, ఆయన్ను వాళ్ళ నాయన అంతకన్నా ఘోరంగా కొట్టాడు. ఆదివారం గుడిలో, అంటే మా చర్చిలో, మోకాళ్ళ మీద కన్నీళ్ళు కార్చినవాళ్ళమే సోమవారం కల్లాల దగ్గర తలలు పగలగొట్టుకునేవాళ్ళం. దాన్ని మేము పౌరుషం అనుకునేవాళ్ళం. నాకు ఆ పౌరుషం కాస్త ఎక్కువగానే ఉండేది.

మా బావ పడవ మనిషి. బకింగ్‌హాం కాలువ మీద ఉప్పూ, సరుగుడు కట్టెలూ మదరాసు చేరవేసే పడవల్లో పనిచేసేవాడు. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్ళు. లేకపోతే పొడుగాటి వెదురు గెడను కాలువ అడుగున ఆనించి, దాని కొసకు జబ్బ మోపి, పడవ అంచు వెంట నడుస్తూ బలమంతా పెట్టి తోసేవాళ్ళు. అలా తోసి తోసి మా బావ కుడి జబ్బ మీద ఎద్దు మూపురం మీద ఉన్నట్టు కాయ కట్టి ఉండేది. నీళ్ళ మీద పులి. నేల మీద మాత్రం సైకిలు తొక్కడం కూడా రానివాడు. అందుకే నాకు ఆయనంటే చులకన. నిజం చెప్పాలంటే భయం కూడా, ఎందుకంటే గెడ వేసే ఆ చేతులు నా చేతుల కన్నా రెండింతలుండేవి.

ఆయనకొక అన్న ఉన్నాడు. బావ పదేళ్ళవాడిగా ఉన్నప్పుడు, కూలీలను కూడగట్టి తీసుకుపోయే కంగాణి వెంట సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక, టీ తోటల్లోకి పోయి మళ్ళీ రాలేదు. ఏడాదికొక ఉత్తరం వచ్చేది. ఆఖరి ఉత్తరంలో దగ్గు తగ్గడం లేదనీ, ఒకసారి తమ్ముణ్ణి చూడాలని ఉందనీ రాయించి పంపాడు. ఆ తర్వాత మూడేళ్ళు ఏ కబురూ లేదు. బావ ఆ ఉత్తరాన్ని అగ్గిపెట్టెతో పాటు నడుముకు కట్టిన తోలు సంచిలో పెట్టుకుని తిరిగేవాడు.

అటువంటి రోజుల్లో మా గుడి యువజన సంఘం సిలోను యాత్ర తలపెట్టింది. అరవయ్యో దశకం మొదట్లో మాట. మొత్తం ఎనిమిది మందిమి, అందులో బావా నేనూ ఉన్నాము. మా అయ్యగారు, అంటే మా గుడి పాస్టరుగారు, కుర్రకారు కొట్లాటలు మాని లోకం చూడాలని ఆశపడి, పాస్‌పోర్టుల కోసం తానే మదరాసు తిరిగి సంతకాలు పెట్టించాడు. వెళ్ళే దారిలో ఎవరికీ పేచీ లేదు. కావలిలో రైలెక్కి మదరాసు, అక్కణ్ణుంచి ధనుష్కోటి దాకా ఇంకో రైలు, అక్కడ ఓడ ఎక్కితే అవతలి గట్టు సిలోను. పేచీ అంతా ఆ గట్టు ఎక్కిన తర్వాత పది రోజులూ ఎలా తిరగాలన్న దగ్గరే వచ్చింది.

సైకిళ్ళు అన్నాను నేను. రైలు బ్రేకు పెట్టెలో వేసుకుని, ఓడలో ఎక్కించుకుని, మన సైకిళ్ళ మీద మనం సముద్రపు ఒడ్డంట దేశమంతా తిరిగి వద్దాము, ఆగాలనిపించిన చోట ఆగుదాము అన్నాను. పంక్చరైతే నేనున్నాను, ముందుండి నడిపించేదీ నేనే. ఆ చివరి మాట పైకి అనలేదు గానీ నా ఉబలాటమంతా అక్కడే ఉంది. బావ రైలే అన్నాడు. టీ తోటలు కొండల మీదున్నాయి, కొండల మీదికి రైలు పోతుంది, పది రోజుల్లో అన్న దగ్గరికి పోయి తిరిగి ఓడ అందుకోవాలంటే రైలు తప్ప దారి లేదు. ఆయన అడిగింది అంతే.

"కొండ మీదికి సైకిలు తొక్కితే పైకెక్కేది నీ ఊపిరే బామ్మర్దీ, నువ్వు గాదు" అన్నాడు నలుగురిలో.

"తొక్కడం రానోడు దోవ చెప్తుండాడు, ఇనండయ్యా! నిన్ను క్యారియరు మీద బియ్యం మూట మాదిరి కట్టుకుని పోతాలే బావా" అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి ఉంటే బాగుండేది. బడి వరండాలో మేము కూర్చున్న బల్లను కాలితో ఒక్క తోపు తోశాడు, నేను వెల్లకిలా పడ్డాను. లేచి ఆయన మీదికి ఉరికాను. విడదీసేలోగా నా పెదవి చీలింది, ఆయన చొక్కా రెండుగా చిరిగింది, బల్ల కాలు విరిగింది.

రెండోసారి కావలి దారిలో. సైకిలు మీద ఎంత సుఖమో చూపిస్తానని ఒక శనివారం అందరినీ కావలి బయల్దేరదీశాను. బావ నా వెనక క్యారియరు మీద కూర్చున్నాడు. ఆయన్ను భయపెట్టి నవ్వులపాలు చేయాలని ఒక కల్వర్టు దగ్గర పల్లంలో బ్రేకు వదిలేశాను. గులకరాళ్ళలో చక్రం జారి ఇద్దరం దొర్లుకుంటూ చేలోకి పడ్డాము. ఆయన మోచేయి చర్మం ఊడింది. లేచి ఒక రాయి తీసుకుని నా సైకిలు చువ్వలు ఒక్కొక్కటే విరగ్గొట్టడం మొదలుపెట్టాడు. నా షాపులోకెల్లా మంచి సైకిలది. నేను వెనక నుంచి ఆయన మెడ పట్టుకుని చేలో గట్టుకేసి ముఖం రుద్దాను. ముక్కు నుంచి నెత్తురు కారి పచ్చటి వరి మీద పడింది. కావలి చేరలేదు. సైకిళ్ళు నడిపించుకుంటూ తిరిగి వచ్చాము. అంతటితో యాత్ర మానుకోవలసింది, కానీ పంతం యాత్ర కన్నా పెద్దదైపోయింది.

ఎనిమిది మందిలో సైకిలుకు నలుగురు, రైలుకు నలుగురు. ఎన్నిసార్లు కూర్చున్నా అటువాడు ఇటు రాలేదు, ఇటువాడు అటు పోలేదు. అప్పుడు అయ్యగారు చీట్లు వేద్దామన్నాడు. మా గుడిలో అదొక ఆచారం. మనుషుల మధ్య తేలనిదాన్ని ప్రార్థన చేసి, చీట్లు కానుక సంచిలో వేసి, అయ్యగారు కళ్ళు మూసుకుని ఒకటి తీసేవాడు. వచ్చింది దేవుడి మాట. మిగిలిన చీట్లు ఎవరూ విప్పి చూడకూడదు. విప్పితే దేవుణ్ణి శంకించినట్టు. అలాగే మడతల మీదే గుడి గడప బయట పెట్టి అగ్గిపుల్ల గీసేవాళ్ళు. పొలం గట్ల తగవులు, పెళ్ళి ముహూర్తాలు కూడా అలా తేలడం నేను చూశాను. ఓడినవాడు తల వంచుకుని ఇంటికి పోయేవాడే తప్ప, మారు మాట అనడం ఎరగను.

సంఘానికి కార్యదర్శిని నేనే. చేతిరాత బాగుంటుందని చీట్లు నన్ను రాయమన్నారు. శనివారం మధ్యాహ్నం షాపులో కూర్చుని మొదటి నాలుగూ సైకిలు, సైకిలు అని రాశాను. అయిదో చీటీ ముందు పెట్టుకున్నప్పుడు బావ నా చువ్వలు విరగ్గొట్టిన చప్పుడు చెవుల్లో మోగింది. మిగిలినవి విప్పేవాడు లేడు కదా అనిపించింది. అయిదో దాని మీద కూడా సైకిలు అనే రాశాను. ఆరు, ఏడు, ఎనిమిది కూడా అదే గుండ్రటి చేతిరాతతో రాశాను. ఆ సంగతే తర్వాత నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు ఆరాధన అయ్యాక సైకిళ్ళన్నీ గుడి వాకిట్లో తుడిచి నిలబెట్టాము. గాలి కొట్టడానికి షాపు నుంచి పెద్ద ఇనప పంపు తెచ్చి పెట్టాను. అయ్యగారు ప్రార్థన చేసి సంచిలో చెయ్యి పెట్టి తీసి, సైకిలు అని చదివాడు. ఆమెన్ అన్నారందరూ, రైలు వైపున్న మిగతా ముగ్గురూ కూడా. బావ అనలేదు. ఆయన నా వంక చూస్తున్నాడు. నా ముఖంలో ఏం కనపడిందో ఏమో, ఒక్క అంగలో వచ్చి అయ్యగారి చేతిలోని సంచి లాక్కుని, మిగిలిన చీట్లు గుప్పిట్లో పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. ఒకటి విప్పాడు. రెండోది విప్పబోతున్నాడు.

నేను పంపు ఎత్తి ఆయన కుడి జబ్బ మీద కొట్టాను. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైంది. మళ్ళీ అక్కడే కొట్టాను. దేవుడి మాటను కాదన్నాడని అరిచాను. ఆ అరుపు చాలింది. మిగతా ఆరుగురూ మీద పడ్డారు. ఎవడి కాలో ఆయన పక్కటెముకల్లో, ఎవడి పిడికిలో ఆయన నోటి మీద. అడ్డం పడ్డ అయ్యగారిని పక్కకు తోశారు, ఆయన కళ్ళజోడు తొక్కుళ్ళలో పిండైపోయింది. నేను మాత్రం కొట్టడం మానేసి నేల మీద కూర్చుని, బావ గుప్పిట ఒక్కొక్క వేలూ వెనక్కి విరిచి, ఆ చీట్లు పెరుక్కుని నోట్లో పెట్టుకుని నమిలి మింగేశాను. సిరా చేదుగా ఉంది. దేవుడి చీటీలు మట్టిలో పడకూడదని అలా చేశానని మిగతావాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. నా భక్తి గురించి ఆ వారమంతా పేటలో చెప్పుకున్నారు.

బావ ఒకే ఒక మాట అన్నాడు. నెత్తురు ఉమ్మి, నా చెవికి మాత్రమే వినపడేటట్టు, "ఇంకొకటి ఇప్పి చూశాను బామ్మర్దీ, అది కూడా సైకిలే" అన్నాడు. రెండు చీట్లతో ఏ రుజువూ కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఊళ్ళో కట్టు కట్టించారు. ఎముక వంకరగా అతుక్కుంది. చెయ్యి భుజం దాటి పైకి లేవలేదు. గెడ ఆనించవలసిన చోటే విరగ్గొట్టాను నేను. పడవ యజమాని ఆయన గెడ ఇంకొకడికిచ్చాడు. అక్క నాతో మాట మానేసింది. పాస్‌పోర్టులు వచ్చాయి, ఏప్రిలులో ప్రయాణం ఖాయమైంది, నేను సైకిళ్ళకు కొత్త టైర్లు ఎక్కిస్తున్నాను. కొట్టినవాళ్ళంతా మామూలుగా అన్నాలు తిని నిద్రపోతున్నారు. నేనే తిన్నది కక్కుకుంటున్నాను.

మూడు వారాల తర్వాత ప్రభువు బల్ల ఆదివారం, రొట్టే ద్రాక్షరసమూ పంచే రోజు, వచ్చింది. మనసులో పాపం పెట్టుకున్నవాడు రొట్టె ముట్టకూడదని మాకు పసితనం నుంచి నేర్పిన మాట. రొట్టె పళ్ళెం నా ముందుకు వచ్చింది. దూరాన స్తంభం పక్కన బావ ఎడమ చేత్తో పాటల పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను లేచి, ఎనిమిది చీట్ల మీదా సైకిలు అనే రాశానని చెప్పేశాను. అయ్యగారు కొత్త కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

వాకిట్లోకి రాగానే ఆ ఆరుగురూ నన్ను పట్టుకున్నారు. తాము నిరపరాధిని తన్నామన్న సిగ్గంతా నా ఒంటి మీద తీర్చుకున్నారు. ముందు పళ్ళు రెండు ఆ రోజే పోయాయి. వాళ్ళు అలిసిపోయి తప్పుకున్నాక మా అక్క వచ్చింది. ఆమె చేతిలో గుడి ఊడ్చే ఈత చీపురుంది.

"దేవుడి చేతిరాత నీదేనంట్రా? ఏందిరా, ఆయనకి రాయడం రాదా, నువ్వు రాసిపెడితివి?" అంటూ తల మీద, ముఖం మీద, వీపు మీద చీపురు విరిగిపోయేదాకా బాదింది. చివరికి చీపురు పారేసి, "ఆయన నిద్దర్లో గెడ తోస్తుండాడురా, ఎడం చేత్తో తోస్తుండాడు" అని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

యాత్ర ఆగిపోయింది. నేను షాపు మూసేసి పడవ యజమాని దగ్గరికి పోయి, బావను సరంగుగా చుక్కాని దగ్గర కూర్చోనిస్తే ఆయన గెడ నేను వేస్తాను, ఆ కూలి మా అక్కకు ఇవ్వండి అని బతిమాలాను. ఒప్పుకున్నాడు. నాకు ఆ పని రాదు. మొదటి వారం జబ్బ మీద తోలు ఊడి చొక్కా అతుక్కుపోయేది. గెడ బురదలో దిగబడి రెండుసార్లు కాలువలో పడ్డాను. బావ నాతో మాట్లాడేవాడు కాదు. తప్పు వేస్తే ఎడమ చేతిలోని తాడు కొసతో వీపు మీద ఒక్కటిచ్చేవాడు, అంతే. ఎదురు పడవలవాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. "ఏం సరంగన్నా, ఎద్దు కొత్తదా? మాట ఇనడం లా?" అనేవాళ్ళు. బావ నవ్వేవాడు కాదు. నేను తల ఎత్తేవాణ్ణి కాదు.

మరుసటి వేసవిలో నా సైకిళ్ళన్నీ అమ్మేసి ఇద్దరికీ టిక్కెట్లు తీశాను. ధనుష్కోటిలో ఓడ ఎక్కేదాకా కూడా ఆయన వస్తాడో రాడో నాకు నమ్మకం లేదు. అవతల దిగి, రెండు బండ్లు మారి, చలి పట్టే కొండల మీదికి ఎక్కే రైల్లో కూర్చున్నాము. ఆయన కిటికీకి ఆనుకుని ఉత్తరం చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మదరాసు పడవ మనిషి కనుక అరవం వచ్చు, తోట పేరు చెప్పి దారి ఆయనే కనుక్కున్నాడు. టీ చెట్ల మధ్య కాలిబాటలో ముసలి కంగాణి ఎదురుపడ్డాడు. బావ అన్న పేరు చెప్పగానే ఆయన తలపాగా తీశాడు. పోయిన జూలైలో పోయాడట. అంతకు ముందు ఏప్రిలు, మే నెలల్లో సాయంత్రాలు బాట దాకా వచ్చి కూర్చునేవాడట, మా ఊరివాళ్ళు వస్తున్నారని జాబు అందిందని చెప్పేవాడట.

ఏప్రిలులో వస్తున్నామని ఆ జాబు వేసింది బావ. నాకు అది తెలియదు.

బావ నా వైపు తిరిగాడు. ఎడమ చేత్తో ముఖం మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. గెడ వేసి నా జబ్బలు కూడా అప్పటికి గట్టిపడ్డాయి, కావాలంటే ఆపగలను, ఆ బలం అక్కరకు రాకుండా చేతులు వెనక కట్టుకున్నాను. చెవి లోపల ఏదో పగిలినట్టు మోగింది. ఇప్పటికీ ఆ చెవి వినపడదు. కంగాణి అడ్డం రాబోతే, రావద్దని నేనే సైగ చేశాను. కొట్టి కొట్టి ఆయన బాట మీద కూలబడి, చిన్నపిల్లవాడిలా అన్నా, అన్నా అని ఏడ్చాడు.

సమాధి అంటే మట్టి దిబ్బ, దాని మీద ఎండిన గడ్డి. ఓడకు నాలుగు రోజుల వ్యవధి ఉంది. నేను కింద వాగులోంచి రాళ్ళు మోసుకొచ్చి దాని చుట్టూ అంచు కట్టాను. ఒక్కొక్క రాయికీ పావుగంట ఎక్కాలి. మూడోరోజు బావ వాగు దగ్గరికి దిగివచ్చి, పెద్ద రాయి ఒకటి కాలితో చూపించాడు. ఇద్దరం కలిసి దాన్ని పైకి దొర్లించాము. తలవైపు పెట్టాము.

తిరిగి వచ్చాక మళ్ళీ పడవ. ఆరేళ్ళు ఆయన గెడ నేను వేశాను. మధ్యలో నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, షాపు మళ్ళీ తెరవమని మామగారు అన్నారు, అయినా మానలేదు. ఇప్పుడు ధనుష్కోటి పట్టాలు సముద్రంలో కలిసిపోయాయి, మా కోడలి గుంపు మదరాసులో విమానమెక్కితే టీ చల్లారేలోగా దిగుతుందట. కాలువ గట్లన్నీ రొయ్యల గుంటలైపోయాయి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తరు, అది చూసి సంతోషిస్తాను. కొట్టుకున్న చేతులతోనే ఒకరినొకరం మోసుకున్నాము కూడా అని చెప్పాలనిపిస్తుంది, కానీ దాని కోసం ఆ దెబ్బలు మళ్ళీ రావాలని కోరుకోలేను. ఆరేళ్ళలో ఇక చాలని బావ ఒక్కసారి కూడా అనలేదు, చాలా అని నేనూ అడగలేదు. లారీలు వచ్చి, కాలువ పూడిపోయి, ఒక ఎండాకాలం పడవ బురదలో కూర్చుని మళ్ళీ లేవలేదు. ఆ రోజు దాకా తోశాను.